పెట్రోలు రంపము – నూనె పాలు – మన బాధ్యత

(జంషెడ్‌పూర్‌లో రైల్వే, తపాలా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



శిక్షణ తరగతి అనగానే వేతన సవరణ, పింఛను, ఖాళీల భర్తీ వంటి విషయములు ముందుకు వచ్చుట సహజము. ఈ పూట వాటిని కొంత ప్రక్కన ఉంచి, చెట్లు కోసే పెట్రోలు రంపమును గురించి, అనగా మనము చైన్ సా అని పిలిచే యంత్రమును గురించి మాట్లాడదలచినాము. ఇంత చిన్న వస్తువునకు సంఘ సభలో చోటెందుకని కొందరు అడుగవచ్చును. అది చెడిపోయినప్పుడు సంజాయిషీ ఎవరిని అడుగుచున్నారో గమనించినచో ఆ ప్రశ్నకు సమాధానము దొరకును.

2021 మే 26న ఒడిశా తీరమును దాటిన యాస్ తుపాను ఈ ఝార్ఖండ్ మీదికి వచ్చి, మన ఊరి సువర్ణరేఖ, ఖర్కాయి నదులను పొంగించినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నమును, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతమును ఎట్లు నేలమట్టము చేసినవో అక్కడ బంధువులున్న మనకు వేరుగా చెప్పనక్కరలేదు. పట్టాలపై చెట్టు కూలినచో ముందుగా వెళ్ళువాడు ట్రాక్‌మన్. దారి తెరుచుకొననిదే బండి కదలదు, తపాలా సంచీ కదలదు. అర్ధరాత్రి వానలో అతని చేతికిచ్చిన రంపము పని చేయకపోయినచో ఆ మనిషి ఉద్యోగము కూడ ఇరకాటములో పడును.

ఈ రంపములోని ఇంజను టూ-స్ట్రోక్ జాతికి చెందినది. కారు ఇంజనులో వలె దీని అడుగున నూనె నిలువ ఉండదు. పెట్రోలుతో కలిసి వచ్చు నూనెయే బేరింగులను, పిస్టనును, సిలిండరును తడుపును. పాత బజాజ్ స్కూటరులో పెట్రోలుతో పాటు టూటీ ఆయిల్ పోయించిన అనుభవము మనలో పెద్దలకు కలదు. సూత్రము అదియే. నూనె లేని పెట్రోలు పోసినచో కొద్దిసేపటిలోనే పిస్టను గీరుకుపోయి ఇంజను పట్టేయును. నూనె ఎక్కువైనను మేలు లేదు. పొగ హెచ్చును, ప్లగ్గు నల్లబడును, మసి పేరుకొనును.

పాలు ఎంత అనునది యంత్రముతో వచ్చిన పుస్తకము చెప్పవలెను. నేటి హస్క్‌వర్నా, స్టిల్ రంపములకు ఆ కంపెనీలు సూచించిన టూ-స్ట్రోక్ నూనె వాడినప్పుడు సాధారణముగా 50 పాళ్ళ పెట్రోలునకు ఒక పాలు నూనె. అనగా లీటరునకు 20 మిల్లీలీటర్లు, 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు. బజారులో చౌకగా దొరకు కొన్ని యంత్రముల పుస్తకములలో 25 పాళ్ళకు ఒకటి అని ఉండును. అప్పుడు లీటరునకు 40 మిల్లీలీటర్లు. కంటి అంచనా పనికిరాదు, కొలపాత్ర ఉండవలెను. శుభ్రమైన డబ్బాలో సగము పెట్రోలు పోసి, నూనె అంతయు కలిపి, బాగుగా కుదిపి, మిగిలిన పెట్రోలు పోసి మరల కుదుపవలెను. రంపములో పోయుటకు ముందు మరియొకమారు కుదుపవలెను. కలిపిన తేదీ, పాలు డబ్బాపై వ్రాయవలెను. నెల దాటిన మిశ్రమమును వాడరాదు. పెట్రోలు పోసిన చోటికి కనీసము మూడు మీటర్ల దూరము జరిగిన తరువాతనే యంత్రమును నడుపవలెను. గొలుసునకు వేయు నూనె వేరు, దాని టాంకు వేరు. రెండు మూతలను తారుమారు చేయరాదు.

ఇటీవల క్రొత్త చిక్కు ఒకటి వచ్చినది. మన దేశములో పెట్రోలులో ఇథనాల్ పాలు 2022లో 10 శాతమునకు, 2025లో 20 శాతమునకు చేరినది. అనేక రంపముల పుస్తకములు 10 శాతమునే హద్దుగా చెప్పుచున్నవి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చును. నీరు ఎక్కువైనచో ఇథనాల్, నీరు కలిసి అడుగునకు దిగును. నూనె పైనున్న పెట్రోలుతోనే ఉండిపోవును. టాంకులోని గొట్టము అడుగునుండి పీల్చును గనుక, నూనె సరిగా కలిపిననూ ఇంజనుకు నూనె అందదు. తుపాను కాలమునకై నెలల తరబడి దాచిన డబ్బా ఈ విధముగనే మోసము చేయును.

రెండవ విషయము, యంత్రము పేరు. “పెద్ద రంపము”, “ఎర్ర రంపము” అని ఇండెంటు వ్రాసినచో సరియైన భాగము రాదు. మోడల్ సంఖ్య యంత్రము పై భాగముననో, దానికి అంటించిన పలకపైననో ఉండును. సీరియల్ సంఖ్య వేరు, రెండును వ్రాసికొనవలెను. చివరి అక్షరములను విడువరాదు. హస్క్‌వర్నా 372 ఎక్స్‌పీ, 372 ఎక్స్‌పీ ఎక్స్-టార్క్ అను రెండింటికి పేరు దాదాపు ఒకటే అయినను సిలిండర్లు వేరు. స్టిల్ వారి 026 రంపమే తరువాత ఎంఎస్ 260 పేరుతో వచ్చినది. రెండు పేర్లును తెలిసిననే స్టోరులో వెదకగలము. గొలుసునకైతే మూడు లెక్కలు కావలెను: పిచ్, గేజి, బారు గాడిలో నడుచు లింకుల సంఖ్య. ఇందులో ఒక్కటి తప్పినను గొలుసు బారుపై సరిగా అమరదు.

తీగల సంగతి మరువరాదు. 25,000 వోల్టుల విద్యుత్తుతో మన దేశములో మొదట బండి నడిచినది 1959లో, ఇక్కడికి దాపుననే ఉన్న రాజ్‌ఖర్సావాన్–డంగోవాపోసి మార్గముననే. తీగపై పడిన చెట్టును, విద్యుత్తు ఆపి ఎర్తు చేసినట్లు వ్రాతపూర్వకముగా తెలిసినదాకా, ఎవరు తొందరపెట్టినను ముట్టరాదు.

మేము వాదించిన ఒక కేసును ఇక్కడ చెప్పుట అవసరము. ఒకచోట రంపము పట్టేసినది. అజాగ్రత్త అని ఒక ట్రాక్‌మన్‌కు ఎస్ఎఫ్-11 ఇచ్చి, ఖరీదు జీతములోనుండి రాబట్టుదుమన్నారు. మేము మూడు ప్రశ్నలు వేసినాము. డబ్బాలోని పెట్రోలును ఎవరు, ఎప్పుడు, ఏ పాళ్ళలో కలిపినారు? ఆ మోడల్ పుస్తకము ఎక్కడ ఉన్నది? ఇతనికి శిక్షణ ఇచ్చినది ఎవరు? డబ్బాపై ఒక్క అక్షరము లేదు. పుస్తకము పెట్టెలోనుండి బయటికే రాలేదు. శిక్షణ జరుగనే లేదు. రికవరీ ఆగిపోయినది.

1968 నాటి రైల్వే క్రమశిక్షణ నియమములును, తపాలా ఉద్యోగులకు వర్తించు 1965 నాటి సీసీఎస్ నియమములును నష్టము రాబట్టుటకు ఒక షరతు పెట్టినవి: ఆ నష్టము ఉద్యోగి నిర్లక్ష్యము వలన గాని, ఆజ్ఞోల్లంఘనము వలన గాని కలిగి ఉండవలెను. ఆజ్ఞయే ఇవ్వనిచోట ఉల్లంఘన ఎక్కడిది? ఎస్ఎఫ్-11 వచ్చినను, రూల్ 16 మెమో వచ్చినను, గడువులోగా ఈ ప్రశ్నలతోనే జవాబు వ్రాయవలెను.

కావున ప్రతి శాఖయు ఈ కోర్కెలను స్థానిక అధికారుల ముందు ఉంచవలెనని కోరుచున్నాము:

1. ప్రతి రంపముపై మోడల్, సీరియల్ సంఖ్య, నూనె పాలు తెలుపు కార్డు కార్మికుడు చదువగల భాషలో ఉండవలెను.
2. కొలపాత్ర, పేరు వ్రాసిన డబ్బా, కలిపినవారి సంతకముతో రిజిస్టరు ఉండవలెను.
3. 20 శాతము ఇథనాల్ పెట్రోలు ఆ మోడల్‌కు తగునో లేదో తయారీదారునుండి వ్రాతపూర్వకముగా తెప్పించవలెను.
4. హెల్మెట్టు, కంటి, చెవి రక్షణలు, రంపపు కోతను ఆపు ప్యాంటు ఇవ్వనిదే, శిక్షణ లేనిదే ఎవరిచేతను రంపము పట్టించరాదు.
5. కాంట్రాక్టు కార్మికులకు కూడ ఇవి అన్నియు వర్తించవలెను. క్రమశిక్షణ నియమముల పాటి అండ కూడ లేనివారు వారే.

మిత్రులారా, యంత్రమును తెలిసికొనుట మెకానిక్కు పని అని మనము ఊరకుండరాదు. పాలు తెలిసిన కార్మికుని బెదిరించుట కష్టము. వచ్చే తుపాను మాసములలోగా మీ మీ సెక్షన్లలో ఉన్న రంపముల మోడల్ సంఖ్యలను, వాటి డబ్బాలపై ఏమి వ్రాసియున్నదో ఆ వివరమును జాబితాగా వ్రాసి శాఖా కార్యదర్శికి అందజేయవలసినదిగా విజ్ఞప్తి చేయుచున్నాము. ఆ జాబితాలతోనే మనము అధికారులతో చర్చలకు వెళ్ళుదుము.