తుపాను రాత్రికి సోలారు దీపము

(బరంపురమున మన సంఘ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



దీపములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను విద్యుచ్ఛాస్త్రము చదివినవాడను గాను. మెట్రిక్ ముగించి, మా తండ్రిగారి కిరాణా కొట్టులో తక్కెడ పట్టుకొన్నవాడను. వర్తకునకు తెలిసిన విద్య యొక్కటే: సరకును చూచి, తూచి, అది దాని వెలకు తగునో తగదో చెప్పుట. ఆ విద్యతోనే ఈ సాయంకాలము మాటలాడుదును. సోలారు దీపములు నా కొట్టులో అమ్మబడవు గనుక, నా సలహాలో లాభాపేక్ష యున్నదని యెవరును శంకింప నక్కరలేదు. అయితే ఈ విషయమున నేను చేసిన అపరాధ మొకటి కలదు. దానిని ముందు చెప్పి, సలహా తరువాత చెప్పెదను.

మన గంజాం తీరమునకు తుపానులు క్రొత్త కావు. 1999 అక్టోబరు 17వ తేదీన గోపాలపురము వద్ద తుపాను తీరము దాటిననాటికి నేను కొట్టులో కూర్చుండుట అప్పుడే నేర్చుకొనుచుంటిని. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను మరల ఆ గోపాలపురము వద్దనే తీరము దాటెను. ఆ ముందటి దినమున నా కొట్టులోని కొవ్వొత్తుల పెట్టెలన్నియు ఒక్క పూటలో చెల్లిపోయెను. తరువాత వచ్చినవారికి "లేవు" అను మాట తప్ప నా యొద్ద ఏమియు లేకపోయెను. ముందుగా హెచ్చరించి లక్షలాది జనమును తరలించినందున ప్రాణములు దక్కెను గాని, స్తంభములు ఒరిగెను, తీగెలు తెగెను. మా వీధికి కరెంటు తొమ్మిదవ దినమున గాని రాలేదు.

ఆ కష్టము చూచిన పిమ్మట, 2014లో మన సంఘము చందాలు పోగుచేసి ఇరువది సోలారు లాంతరులు కొనుటకు నిశ్చయించెను. కొను పని నాకు ఒప్పగించిరి. నేను బేరమాడి, అందరికంటె తక్కువ ధర చెప్పినవాని యొద్ద కొంటిని. సంఘమునకు డబ్బు మిగిల్చితినని సంతసించితిని. లాంతరులను పెట్టెలతో సహా బీరువాలో పెట్టి తాళము వేసితిని. తాళపు చెవి భద్రముగా నా యొద్దనే యుండెను.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాలో పలాస దగ్గర తీరము దాటెను. ఆ గాలివాన దెబ్బ మనకును తగిలెను. పల్లపు వీధులలోని కుటుంబములు మన సంఘ భవనమునకు వచ్చి తల దాచుకొనెను. నేను బీరువా తెరచి లాంతరులు ఒక్కొక్కటిగా వెలిగింప జూచితిని. ఇరువదింటిలో వెలిగినవి మూడు. ఆ మూడింటిలో రెండు గంటసేపటికే ఆరిపోయెను. ఆ చీకటిలో ఒక వృద్ధురాలు వెనుక మెట్లపై జారిపడి తుంటియెముక విఱుగగొట్టుకొనెను. ఆ మామ్మగారు ఈ సభలోనే మన నడుమ కూర్చుండి యున్నారు. వారి యనుమతితోనే ఈ మాట చెప్పుచున్నాను. ఆసుపత్రిలో చూడబోయినప్పుడు వారు నన్నడిగిరి: "ఏం బాబూ, దీపాలు బీరువాలో పెట్టి తాళం వేశావు, చీకటిని బయట వదిలేశావా?" ఆ ప్రశ్నకు నాయొద్ద ఆనాడు జవాబు లేదు. ఈనాటి ప్రసంగమే నా జవాబు.

ఆ లాంతరులు ఎందుకు చచ్చినవి? అవి సీసపు బ్యాటరీలు గల లాంతరులు. సీసపు బ్యాటరీ వాడకున్నను తనంతట తాను కొద్దికొద్దిగా ఖాళీ యగును. ఖాళీగా నెలల తరబడి పడియున్నచో లోపలి పలకలపై తెల్లని పదార్థము గట్టిపడి, మరల నింపినను శక్తిని పట్టుకొనలేదు. నేడు ఎక్కువగా వచ్చుచున్న లిథియం బ్యాటరీలు ఇంతకంటె నిదానముగా ఖాళీ యగును. కాని పూర్తిగా ఎండిపోయి యుండుట వానికిని కీడే. కావున బ్యాటరీ నాణ్యమున కెంత ప్రాధాన్యమో, దానిని ఎట్లుంచితిమన్నదానికిని అంత ప్రాధాన్యము. దీపము బియ్యపు బస్తా వంటిది కాదు, పాడి యావు వంటిది. మేపకుండ కట్టివేసి, అక్కర పడిన దినమున పాలిమ్మన్న ఇయ్యదు.

ఇక ఎన్నిక మాట. మొదట ఒక సంగతి గ్రహింపవలెను. తుపాను వచ్చినప్పుడు సోలారు దీపమునకు సూర్యుడే దొరకడు. ముందటి దినము మొదలు రెండు మూడు దినములు ఆకాశము మూసికొని యుండును. దట్టమైన మబ్బులో సోలారు ప్లేటు ఎండలో ఇచ్చుదానిలో అయిదవ వంతు ఇచ్చినను గొప్పయే. కాబట్టి మొదటి మూడు రాత్రులు మనలను కాపాడునది ప్లేటు కాదు, ముందే నింపియుంచిన బ్యాటరీ. ఎండ వచ్చిన నాలుగవ దినము మొదలు కాపాడునది ప్లేటు. ఈ రెంటిని వేరువేరుగా పరీక్షింపవలెను. అంతేకాక, ప్లేటుతోడను ఇంటి ప్లగ్గుతోడను రెండు విధముల నింపుకొనగల దీపమునే కొనవలెను. తుపాను హెచ్చరికలు నేడు దినముల ముందుగా వచ్చుచున్నవి. హెచ్చరిక విన్ననాడే గోడ ప్లగ్గునుండి నిండుగా నింపుకొన్నచో మొదటి గండము గడచినట్లే.

ఎంత బ్యాటరీ కావలెను? లెక్క కట్టుదము. వంటకును, భోజనమునకును రెండు గంటలసేపు ఒక వాటు వెలుగు; దాదాపు నూరు ల్యూమెనులు వచ్చును. కొవ్వొత్తి ఇచ్చునది పండ్రెండు ల్యూమెనులే గనుక ఇది పుష్కలము. తరువాత తెల్లవారువరకు ఎనిమిది గంటలు మిణుకు దీపము, వాటులో అయిదవ వంతు. మొదటిది రెండు వాటు గంటలు, రెండవది 1.6, మొత్తము రాత్రికి 3.6 వాటు గంటలు. మూడు రాత్రులకు సుమారు 11. కరెంటు బిల్లులోని ఒక యూనిట్టు వేయి వాటు గంటలని గుర్తుంచుకొన్నచో, ఇది ఎంత స్వల్పమో తెలియును.

పెట్టెపై మిల్లీ ఆంపియరు గంటలు, వోల్టులు వ్రాసియుండును. రెంటిని గుణించి వేయితో భాగింపుడు. 3000 మిల్లీ ఆంపియరు గంటలు, 3.7 వోల్టులు అయినచో 11.1 వాటు గంటలు. మనకు కావలసినది అదే. అయితే ఇక్కడనే తప్పుడు తూకపు రాళ్లున్నవి. బొటనవ్రేలంత లావు, రెండున్నర అంగుళముల పొడవు గల 18650 అను రకపు బ్యాటరీ విరివిగా వాడబడుచున్నది. అందులో పట్టునది మూడు వేలకు అటునిటు. మేలైనవానిలో సయితము నాలుగు వేలు దాటుట అరుదు. అట్టి ఒక్క బ్యాటరీపై 9900 అని అచ్చువేసి అమ్మువారు కలరు. కుంచములో పుట్టెడు ధాన్యము పట్టునని చెప్పినట్లే యిది. అట్టి అచ్చు కనిపించినచో వెల ఎంత చౌకయైనను మరలి రండు. లిథియం బ్యాటరీపై భారతీయ ప్రమాణముల సంస్థవారి ముద్ర, ఐ.ఎస్. 16046 అను సంఖ్య, ఆర్ అక్షరముతో మొదలగు నమోదు సంఖ్య యున్నవేమో చూడుడు.

ప్లేటు లెక్కయు అట్టిదే. మూడు వాట్ల ప్లేటు మంచి యెండలో అయిదు గంటలుంచినచో, నష్టములు పోగా పది వాటు గంటలు వచ్చును. ఒక్క దినములో మూడు రాత్రుల వెలుగు. కొన్ని ముద్దుగా కనుపించు దీపముల తలపై అతికించిన ప్లేటు అర వాటు కూడ నుండదు. దానితో నిండుటకు వారము పట్టును. దీపమునకు ప్లేటు తీగెతో విడిగా నుండుట మేలు. ప్లేటు ఎండలోను, దీపము నీడలోను ఉండును. లిథియం బ్యాటరీకి ఎండవేడి హాని.

నీటి మాట మరువరాదు. పెట్టెపై ఐ.పి. అని, రెండంకెలు వ్రాసియుండును. మొదటి అంకె దుమ్మునకు, రెండవది నీటికి. రెండవ అంకె 4 అయినచో చినుకులకు తట్టుకొనును. 7 అయినచో మీటరు లోతు నీట అరగంట మునిగినను నిలుచును. ఇంటిలో వాడుకకు 4 చాలును. వరద నీటిలో చేతపట్టి నడువవలసిన వీధులవారు 7 కొరకు వెదకుడు. అట్లే మూతకు మరలున్నవా, అంటించివేసినారా చూడుడు. మరలున్నచో రెండు మూడేండ్లకు బ్యాటరీ మార్చుకొనవచ్చును. అంటించినదానిని పారవేయవలసినదే.

సెల్ ఫోను నింపుకొను వసతి కూడ ఉన్నదని అమ్మువారు ఊరించెదరు. నేటి ఫోను బ్యాటరీ ఒకటి సుమారు 19 వాటు గంటలది. మన మూడు రాత్రుల వెలుగంతయు ధారపోసినను ఒక్క ఫోను నిండదు. ఫోను అత్యవసరమే, దానికి వేరుగా పవర్ బ్యాంకు ఉంచుకొనుడు. దీపమును దీపముగా ఉండనిండు.

కొనిన తరువాత రెండు సాయంకాలముల పరీక్ష చేయుడు. మొదట గోడ ప్లగ్గున నిండుగా నింపి, సాయంకాలము వెలిగించి, గడియారము చూచి ఎన్ని గంటలు వెలిగినదో వ్రాసికొనుడు. ఇది బ్యాటరీ పరీక్ష. ఆరిన వెంటనే మరునాడు ప్లేటును ఒక దినమెల్ల ఎండబెట్టి, ఆ రాత్రి మరల వెలిగింపుడు. ఇది ప్లేటు పరీక్ష. పెట్టెపై చెప్పినదానిలో సగము కూడ రాకున్నచో గడువులోపల తిరిగి ఇచ్చివేయుడు. రసీదు పారవేయకుడు.

వెలను ఎట్లు చూడవలెను? ఆరువందల రూపాయల దీపము ప్రతిదినము వాడినను మూడేండ్లు, అనగా సుమారు వేయి రాత్రులు వెలిగినచో, రాత్రికి అరువది పైసలు పడును. నేను 2014లో చేసిన చౌక బేరములో, పదునేడు లాంతరులు తుపాను నాడు ఒక్క నిమిషము కూడ వెలుగలేదు. దీపమునకు వెల కట్టవలసినది వెలిగిన రాత్రులతో గాని, కొన్న దినపు ధరతో కాదు. పేద కుటుంబమునకు నా సలహా ఇది: నాలుగు బొమ్మ దీపములు కొనుటకంటె, లెక్కకు నిలిచిన దీపము ఒక్కటి కొనుడు.

ఇక దానిని బ్రతికించుకొను మార్గము. దీపమును అటుకపై దాచకుడు. పిల్లల చదువుబల్లపైననో, పెరటి గుమ్మముననో ప్రతిరాత్రి వాడుడు. రోజు వాడు దీపము చెడినచో ఆ రాత్రియే తెలియును. దాచిన దీపము చెడినట్లు తుపాను రాత్రి గాని తెలియదు. వాడుటకు వీలు పడనివారు ప్రతి అమావాస్యనాడు తీసి, రెండు గంటలు వెలిగించి, మరల నింపి పెట్టుడు. అమావాస్యను మన పెద్దలు మరువరు గనుక ఇంతకంటె మంచి గుర్తు లేదు.

ఇంకొక సంగతి మన సంఘమునకే చెందినది. ఈ పెట్టెలలోని సూచనలు తరచుగా ఇంగ్లీషులో నుండును. మన యిండ్లలో తుపాను రాత్రి దీపము వెలిగించువారు తరచుగా తెలుగు మాత్రమే చదువగల తల్లులు, అవ్వలు. ఏ మీట నొక్కిన మిణుకు వెలుగు వచ్చునో తెలియక, రాత్రియంతయు పెద్ద వెలుగునే వెలిగించి, మరునాటికి చీకటిలో కూర్చున్నవారిని నేను చూచితిని. కావున ఇంటి పిల్లలు ఒక చిన్న కాగితముపై నాలుగు తెలుగు వాక్యములు వ్రాసి దీపమునకు అంటింపవలెను. అది చేయుటకు ఏ ప్రభుత్వపు ఉత్తరువును అక్కరలేదు.

కార్యవర్గము ముందు నా ప్రతిపాదన ఒక్కటి. సంఘము మరల ఇరువది దీపములు కొనవలెను. ఈసారి పైన చెప్పిన పరీక్షలకు నిలిచినవే కొనవలెను. అవి బీరువాలో నుండరాదు. పరీక్షలకు చదువుకొను విద్యార్థుల యిండ్లకు పేరు వ్రాసికొని ఎరువీయవలెను. అమావాస్య మరునాడు వారు తెచ్చి చూపవలెను. తుపాను హెచ్చరిక వచ్చిననాడు నిండుగా నింపి భవనమునకు తేవలెను. అప్పుడు సంవత్సరమంతయు చదువునకు, ఆ ఒక్క రాత్రి ప్రాణమునకు అవి ఉపయోగపడును. ఈ కష్టము మన యొక్క జిల్లాకే పరిమితము కాదు. 2015 డిసెంబరులో చెన్నపట్టణమును, 2022 జూలైలో యానామును వరదలు ముంచెను. అక్కడి మన సోదరులకును ఈ పద్ధతి పనికివచ్చునని నమ్ముచున్నాను.

బీరువా తాళపు చెవిని ఈ సభాముఖమున కార్యదర్శిగారికి అప్పగించుచున్నాను. మామ్మగారు సమ్మతించినచో, క్రొత్త దీపములలో మొదటిది వారి యింటి మెట్ల యొద్ద వ్రేలాడదీయుదము.