మన గూడేనికి ఉద్యోగం మీద వచ్చేవాళ్లకు ఎవరు నేర్పాలి?



గిరిజన ప్రాంతాల్లో పనిచేసే సిబ్బందికి సాంస్కృతిక అవగాహన శిక్షణ గురించి మాట్లాడమన్నారు. పేరు పెద్దది, సంగతి చిన్నది. టీచర్, నర్సమ్మ, అంగన్‌వాడీ సూపర్‌వైజర్, పిల్లల సంరక్షణ చూసే ఉద్యోగి, మా లాంటి హాస్టల్ వార్డెన్లు గూడెంలో అడుగు పెట్టేముందు ఏం తెలుసుకుని రావాలి, అది ఎవరు చెప్పాలి?

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. దాని మీద మన సంఘాల పోరాటం వేరే ముచ్చట. కానీ మన భాష రాని టీచర్లు ఇక ముందు ఎక్కువగానే వస్తారు. వచ్చే వాళ్లందరూ చెడ్డవాళ్లు కారు. చాలామంది మంచి మనసుతోనే వస్తారు. ఎవరూ చెప్పకపోతే వాళ్లకు మాత్రం ఎలా తెలుస్తుంది?

మేము కూర్చున్న శిక్షణలు చాలావరకు ఒకే తీరు. పొద్దున గుస్సాడీ ఆటతో స్వాగతం, తర్వాత తెర మీద నగలు, బట్టలు, పండుగల ఫొటోలు, భోజనం, సాయంత్రం సర్టిఫికెట్. ఒక్క మాట అనక తప్పదు. గుస్సాడీ దీక్ష దండారి కాలానిది, ఏత్మాసూర్ పేన్ ముందు మొక్కి కట్టేది. ఎండాకాలంలో రిబ్బన్ కత్తిరింపుకు నెమలీకల టోపీ పెట్టించి ఆడిస్తే, అవగాహన శిక్షణ మొదటి పది నిమిషాల్లోనే తప్పిపోయినట్టు. మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది గుస్సాడీని బతికించినందుకు. స్వాగత తోరణంగా వాడుకోమని కాదు.

మరి ఏం చెప్పాలి? మొదట, ఇక్కడ అందరూ గోండులు కారని. కొలాములకు కొలామీ ఉంది. ప్రధానుల ఇంటి మాట మరాఠీ, కానీ మన సగల కథలు కిక్రి మీద పాడి నిలబెట్టింది వాళ్లే. తోటీలు వేరు, నాయకపోడులు వేరు. కొలాములు, తోటీలు మరీ వెనకబడిన తెగల జాబితాలో ఉన్నారు, వాళ్లకు వేరే పథకాలున్నాయి. రిజిస్టర్‌లో అందరినీ 'గోండు' అని రాసేస్తే కొలాం పిల్లకు రావలసింది రాకుండా పోతుంది.

ఇంటిపేరు సంగతి ఇంకా లోతు. బడి రికార్డులో 'మడావి', ఆధార్‌లో 'మాడవి', కుల ధ్రువపత్రంలో మరొకటి. రాసిన చేతులు మూడు, స్కాలర్‌షిప్ ఆగేది ఒక్క పిల్లకు. ఇంటిపేరు వెనక సగ ఉంటుందని కూడా వాళ్లకు తెలియాలి. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు మనవి. ఒకే సగలో ఇంటిపేర్లు ఎన్ని ఉన్నా వాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. పెళ్లి గొడవ వచ్చినప్పుడు కౌన్సెలింగ్‌కు వచ్చిన మేడమ్ "ఇంటిపేర్లు వేరే కదా, మీకేం అభ్యంతరం?" అని అడిగితే పెద్దలు నోరు మూసుకుంటారు. ఆమె కాగితం మీద 'కుటుంబం సహకరించలేదు' అని రాసుకుంటుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో నిజంగానే కష్టం వచ్చినా ఎవరూ ఆమె దగ్గరికి పోరు.

ఇక భాష. ఒకటో తరగతి పిల్ల 'ఏర్' అంటే నీళ్లు అడుగుతోంది. తెలుగు చెవికి అది ఏరులా, వాగులా వినిపిస్తుంది. రెండు మూడు సార్లు అలా అయ్యాక పిల్ల అడగడమే మానేస్తుంది. కడుపునొప్పి చెప్పుకోలేక రాత్రంతా ముడుచుకుని పడుకున్న పిల్లలు హాస్టళ్లలో మాకు కనబడతారు. వాళ్ల పేరు ఎదురుగా 'మందమతి' అని రాసి ఉంటుంది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టినప్పుడు గోండి, కొలామీ కూడా అందులో ఉన్నాయి. మన భాషలో పాఠం చెప్పవచ్చని ప్రభుత్వమే ఒప్పుకుందని కొత్త టీచర్లకు గుర్తు చేయండి.

దండారికి పోయి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చిన పిల్ల పేరు కొట్టేయడం కూడా చూశాం. గుస్సాడీ కట్టినవాళ్లు కోలబోడి దాకా స్నానం చేయరు. అది తెలియక "శుభ్రత లేదు" అని ఉపన్యాసం ఇచ్చినవాళ్లనూ చూశాం. దీపావళి ముందూ వెనకా ఇక్కడ హాజరు ఎలా ఉంటుందో క్యాలెండర్‌లో ముందే రాసుకుంటే పోయేదానికి ఇంత రభస ఎందుకు?

నేర్పేది ఎవరు అన్నదానికి మన దగ్గరే పాత జవాబు ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక నిజాం సర్కారు మన బాధలు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, బెట్టీ ఎలిజబెత్ మర్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. 1943లో అక్కడే ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టారు. అందులో చేర్చుకున్నది గోండు యువకులను, మొదట నేర్పింది గోండిలో. మన పిల్లల్నే తయారు చేసి పంపడం ఆ పని పద్ధతి. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బార్ కూడా ఆయన మొదలుపెట్టినదే. అధికారులు కూర్చుని మన మాట వినడానికి పెట్టిన ఏర్పాటు అది.

బయటి దేశం ఉదాహరణ ఒకటి. న్యూజిలాండ్‌లో ఇరిహపేటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు ఒక ప్రశ్న లేవదీసింది. ఆసుపత్రిలో మర్యాద దక్కిందా లేదా అని తేల్చేది ఎవరు? సేవ చేసినవాళ్లు కాదు, సేవ అందుకున్నవాళ్లు అంది. 1990ల మొదట్లో అక్కడి నర్సింగ్ చదువులోకి ఆ ఆలోచన వచ్చింది. మన దగ్గర శిక్షణ బాగుందా అని అడిగే ఫారం సిబ్బందే నింపుతారు. గూడెం ఎప్పుడూ నింపదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, 1996 పెసా చట్టం చదవండి. ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే సామర్థ్యం గ్రామసభకు ఉందని అందులో రాసి ఉంది. సామాజిక రంగాల సంస్థలు, ఉద్యోగుల మీద అజమాయిషీ గ్రామసభకూ, తగిన స్థాయి పంచాయతీకీ ఉండాలని కూడా రాసి ఉంది. కాబట్టి కొత్త ఉద్యోగి వచ్చినప్పుడు మొదటి నెలలో ఒక పూట గ్రామసభ ముందు కూర్చోవాలని తీర్మానం రాయండి. చెప్పేది పట్ల, మంత్రసాని అవ్వ, కిక్రి పట్టే ప్రధాన్. తెలుగులోకి చెప్పేది మీరు. కాలేజీ నుంచి వచ్చిన లెక్చరర్‌కు గౌరవ వేతనం ఇచ్చినట్టే అవ్వకూ ఇవ్వాలని తీర్మానంలోనే రాయండి, లేకపోతే ఆమెకు శాలువా కప్పి పంపేస్తారు.

దానికి ముందు మీకూ కొంత పని ఉంది. హాస్టళ్లలో చదివిన పిల్లల్ని "మీది ఎన్ని దేవతల సగ?" అని అడిగితే సగం మంది ఫోన్ తీసి ఇంటికి చేస్తున్నారు. చేయడం మంచిదే, ఎత్తేవాళ్లు ఉన్నంతకాలం. ఈ సెలవుల్లో ఒక నోటుబుక్కు పెట్టండి. ఒక్కో పేజీలో ఒక్కో ఇల్లు, ఇంటిపేరు మూడు కార్డుల్లో ఎలా ఉందో, సగ ఏదో, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో రాయండి. ఇంటివాళ్లు చెప్పవద్దన్నది రాయకండి. ఆ నోటుబుక్కు గ్రామసభ దగ్గరే ఉండాలి. వచ్చినవాళ్లు అక్కడికి వచ్చి, అడిగి, చూసుకుని పోతారు.