బ్రౌజర్‌లో అక్షరం పెద్దది చేద్దాం

తెర మీద వార్తలు చదవాలంటే కళ్లు చికిలించాల్సి వస్తోందా? అక్షరం చిన్నదైతే మన తెలుగులో ముందు అలుక్కుపోయేవి వత్తులూ గుడులే.

కంప్యూటర్ ముందున్నారా? కంట్రోల్ మీట నొక్కిపట్టి, ప్లస్ నొక్కండి. మళ్లీ చెబుతున్నాను: కంట్రోల్, ప్లస్. పేజీ మొత్తం పెద్దదవుతుంది. మరీ పెద్దదైందా? కంట్రోల్‌తో సున్నా నొక్కితే మామూలైపోతుంది. ఆ సైటుకు మీరు పెట్టుకున్న సైజును క్రోమ్ బ్రౌజర్ గుర్తుంచుకుంటుంది కూడా.

ఆండ్రాయిడ్ ఫోనులో క్రోమ్ వాడేవారు మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లోకి, అందులో యాక్సెసిబిలిటీలోకి వెళ్లండి. పేరు నోరు తిరగదు గానీ, పని తేలిక. అక్కడున్న గీత మీద గుండీని కుడివైపు జరపండి, అంతే.

ఫైర్‌ఫాక్స్‌లోనైతే రీడర్ వ్యూ ఉంది. ప్రకటనల గోల లేకుండా వ్యాసం ఒక్కటే కనిపిస్తుంది. పొడుగాటి వ్యాసాలకు నా ఓటు దానికే.