సుంకపు గడప వద్ద మూడు ప్రశ్నలు

(కిరుమాంబాక్కములో జరిగిన సంఘ కుటుంబ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



నేను బి.ఏ. పట్టా పుచ్చుకొని సచివాలయమున కాగితముల నడుమ కాలము గడుపుచున్నవాడను. యంత్రముల లోగుట్టు నాకు తెలియదు. అయినను సాంకేతిక పరికరములను పరదేశములకు పంపునప్పుడు పాటింపవలసిన సుంకపు నిబంధనలను గూర్చి మాటాడుమని కార్యదర్శిగారు నన్నే ఆజ్ఞాపించిరి. ఇందు యంత్రముకంటె కాగితమే ముఖ్యమని వారు గ్రహించినట్లున్నారు. అది నిజమే.

మనము కూర్చున్న ఈ ఊరే ఈ విషయమునకు తగిన పాఠశాల. ఇక్కడినుండి దక్షిణముగా కొంత దూరము పోయినచో కడలూరు. ఒకప్పుడు ఈ త్రోవలో రెండు ప్రభుత్వములు ఎదురెదురుగా నిలిచియుండెడివి. ఇటు ఫ్రెంచివారి పాలన. అటు మొదట ఇంగ్లీషువారిది, 1947 తరువాత స్వతంత్ర భారతముది. ఫ్రెంచి ఇండియాకును బ్రిటిషు ఇండియాకును 1941లో కుదిరిన సుంకపు ఒడంబడిక 1949 ఏప్రిలు 1 నుండి రద్దయినది. అప్పుడు ఎల్లల వెంబడి కాపలా వెలసినది. తెలుగుగడ్డ నడుమనున్న యానాముకును ఇట్టి ఎల్లయే ఉండెను. యానాము 1954 జూను 13న విముక్తి పొందినది. పాండిచ్చేరి అదే సంవత్సరము నవంబరు 1న భారత పాలనలోనికి వచ్చినది. 1962 ఆగస్టు 16న విలీనము చట్టరీత్యా పూర్తియైనది. ఎల్ల చెరిగినది గాని అది నేర్పిన పాఠము చెరగలేదు: వస్తువు అదే, మనిషి అతడే, పది అడుగులు అవతల చట్టము వేరు.

ఇప్పుడు ఒక చేదు అనుభవము చెప్పెదను. ఇందలి తప్పు నాదే.

నా మేనల్లుడు గోదావరి జిల్లాలలో చేపల చెరువుల నీటిని పరీక్షించు చిన్న పరికరమొకటి తయారుచేసెను. అది నీటి గుణమును కొలిచి, ఆ లెక్కలను తీగ లేకుండ యజమాని ఫోనుకు పంపును. ఐరోపాలోని వర్తకుడొకడు ఇరువది పరికరములు కోరెను. మావాడు నాకు ఫోను చేసి, "మామయ్యా, ఇన్వాయిసులో ఏమి వ్రాయమందువు?" అని అడిగెను. నేను ప్రభుత్వోద్యోగిని గదా, సర్వజ్ఞుడనని వాని నమ్మకము. "వైర్లెస్ పరికరము, నమూనా అని వ్రాసి వెల తక్కువ వేయుము. ఎవరు చూచెదరు?" అంటిని.

చూచువారు చూచిరి. ఆ రేవున సుంకపు అధికారులు మూడు ప్రశ్నలు వేసిరి.

మొదటిది: ఇది ఏమిటి? ప్రపంచ దేశములలో అత్యధిక భాగము 1988 నుండి అమలులోనున్న ఒకే వర్గీకరణ పట్టికను అనుసరించుచున్నవి. అందు మొదటి ఆరు అంకెలు అందరికిని సమానము. కంప్యూటర్లు 8471, సందేశములు పంపు సాధనములు 8517, విశ్లేషణ పరికరములు 9027. మావాని పరికరము ముఖ్యముగా నీటిని పరీక్షించునది; సందేశము పంపుట దాని అదనపు గుణము. నా మాట వలన పేరు ఒకటి, పని ఒకటి అయినది. ఈ చిక్కు చిన్నవారికే కాదు. సమాచార సాంకేతిక వస్తువులపై సుంకము తొలగించు ఒప్పందము 1996లో సింగపూరులో కుదిరినది. భారతదేశము 1997లో అందు చేరినది. అట్లుండియు మొబైలు ఫోను మొదలగువానిపై మన దేశము విధించిన సుంకములు ఆ వాగ్దానమునకు లోబడునా లేదా అను తగవు ప్రపంచ వాణిజ్య సంస్థకు ఎక్కినది. 2023 ఏప్రిలులో నిర్ణయము మనకు ప్రతికూలముగా వచ్చినది. మన ప్రభుత్వము అప్పీలు చేసినది. ప్రభుత్వములకే తప్పని తగవు మనకు తప్పునా?

రెండవది: దీని వెల ఎంత? సాధారణముగ కొన్నవాడు నిజముగా చెల్లించిన, లేక చెల్లింపవలసిన మొత్తమే వెలకు ఆధారము. ఉచితముగా పంపిన నమూనాకును సుంకపు లెక్కలో వెల ఉండును. సున్న అని వ్రాయరాదు. సుంకము శూన్యమైన వస్తువునకు కూడ ప్రకటన తప్పదు, దేశీయ పన్ను తప్పదు.

మూడవది: ఎవరు జవాబుదారి? పెక్కుమంది మరచునది దీనినే. ఐరోపాలో సుంకపు ప్రకటన చేయువాడు సాధారణముగ అక్కడ స్థిరపడినవాడై యుండవలెను. ఆ వర్తకుడు, "సరుకు నా గుమ్మములోనికి వచ్చిన పిమ్మటనే నాది" అనెను. మావానికి అక్కడ ఎవరును లేరు. పైగా రేడియో తరంగములు పంపు పరికరమునకు సి.ఇ. ముద్రయు, దాని వెనుక పరీక్షా పత్రములును ఉండవలెను. 2021 జూలై నుండి అట్టి వస్తువులకు ఐరోపాలో బాధ్యత వహించువాడొకడు ఉండి తీరవలెనని నియమము. మా పెట్టెలో ఇవేవియు లేవు.

అయ్యా, పొరపాటయినదని ఎన్నో ఉత్తరములు వ్రాసితిమి. సుంకరి వద్ద సుఖదుఃఖములు చెప్పుకొన్నట్లే అయినది. గిడ్డంగి అద్దె పెరిగి పెరిగి సరుకు వెలను మించినది. తుదకు పెట్టెను వెనుకకు తెప్పించితిమి. ఇక్కడి రేవులోను, అవి మనము పంపిన వస్తువులే అని రుజువు చూపవలసి వచ్చినది. ఆ సరుకునకు పెట్టుబడి మా అక్క గాజులు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అనియుండిన నాకు కొంత తేలికగా ఉండెడిది.

రెండవసారి మావాడు నన్ను అడుగలేదు. మంచి పని చేసెను. ముందుగా కొనువానితో, దిగుమతిదారు ఎవరో, సుంకము ఎవరు కట్టుదురో ఒప్పందములో వ్రాయించుకొనెను. వర్గీకరణముపై అక్కడి అధికారుల ముందస్తు నిర్ణయమును ఆ వర్తకుని ద్వారా తెప్పించుకొనెను. పరీక్షలు చేయించి ముద్ర వేయించెను. నిజమైన వెల వేసెను. ఆ పిమ్మటనే పెట్టెకు మేకు కొట్టెను. సరుకు నిరాటంకముగా చేరినది.

ప్రదర్శనకు మాత్రమే తీసికొనిపోయి తిరిగి తెచ్చు పరికరములకు కార్నే అను పత్రము కలదు. మన దేశమున దానిని ఫిక్కీ సంస్థ ఇచ్చును. దాని గడువు సాధారణముగ ఒక సంవత్సరము. ఆ లోపల వస్తువు తిరిగి రావలెను. అక్కడ అమ్మివేసినచో సుంకము మన మెడకు చుట్టుకొనును.

ఇందు కూర్చున్న మన బిడ్డలలో పెక్కురు ఇంజనీర్లు. రేపు వారును ఏదో పరికరము చేసి పరదేశమునకు పంపుదురు. అప్పుడు వారు మనలనే సలహా అడుగుదురు. మనము కచేరీలలో పనిచేయువారము గదా! తెలిసినది చెప్పుడు. తెలియనిచో తెలియదని చెప్పుడు. "ఎవరు చూచెదరు?" అను మాట మాత్రము అనకుడు. ఆ ఒక్క మాట ఖరీదు మా అక్క గాజులు.