వంటగిన్నె – మందు సీసా
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజున కరువు భత్యం గురించో, మెడికల్ బిల్లుల గురించో మాట్లాడక వంటింటి గిన్నెల గొడవేమిటని కొందరికి అనిపించవచ్చు. ఆరోగ్యం మీద పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను డాక్టరును కాను. ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా ఫైళ్లు నడిపినవాణ్ణి. కాగితం ఆసాంతం చదవకుండా సంతకానికి పెట్టకూడదని నా మొదటి సూపరింటెండెంటు గారు నేర్పారు. ఆ పాఠం ఆఫీసులో పాటించి ఇంట్లో మరచిపోయాను. ఆ సంగతే మనవి చేస్తాను.

అల్యూమినియం గిన్నెలను మన ఇళ్లలో సిల్వరు గిన్నెలంటాం. కొందరు సత్తు గిన్నెలని కూడా అంటారు గాని, చారు కాచుకునే అసలు సత్తు గిన్నె తగరంది, అది వేరు. మన ప్రాంతానికి ఈ సిల్వరు మద్రాసు మీదుగా వచ్చింది. 1898లో అక్కడి స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఛాటర్టన్ దొరగారు వీటి తయారీ మొదలుపెట్టించారు. ఇత్తడికంటె తేలిక, కళాయి ఖర్చు లేదు. మన చిన్నతనం నాటికి సామాన్యుడి ఇంట అన్నం తపేలా అంటే ఇదే.

ఖైదీలు త్వరగా చావాలని బ్రిటిషు వారు జైళ్లలో ఈ పళ్లేలు పెట్టారని ఇప్పుడు సెల్‌ఫోన్లలో ఒక కథ తిరుగుతోంది. చంపదలుచుకుంటే ఇంతకంటె త్వరగా పనిచేసేవి వాళ్ల దగ్గర లేకనా! కాని ఆ కథ చదివి నేను భయపడ్డ మాట నిజం. 2021లో ఒకనాడు ఇంట్లోని సిల్వరు సామానంతా పాత సామాన్లవాడికి తూకానికి వేసేశాను. కోడలు "మామయ్యగారూ, ఇడ్లీ పాత్ర కూడానా?" అని లబలబలాడింది. వినలేదు. నలభై ఏళ్లు కాపురం చేసిన గిన్నెలని మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాత తీరిగ్గా చదివితే తెలిసిందిది. భూమి పైపొరలో నూటికి ఎనిమిది పాళ్లు అల్యూమినియమే. కూరల్లో ఉంటుంది, తేయాకులో మరికాస్త ఎక్కువ. దాన్ని తప్పించుకు తినడం ఎవరి తరమూ కాదు. తిన్నదానిలో పేగుల ద్వారా రక్తంలోకి చేరేది నూటికి ఒక పాలు కూడా ఉండదు. ఆ చేరినదాన్ని మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి వేసిన నిపుణుల సంఘం 2011లో ఒక హద్దు పెట్టింది. శరీరం బరువు కిలోకు వారానికి 2 మిల్లీగ్రాములు. అంటే 60 కిలోల మనిషికి వారానికి 120. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని ఉంది.

గిన్నెలోంచి దిగేది పులుపుకు, ఉప్పుకు దిగుతుంది. చింతపండు పులుసు, టమాటా పప్పు అందులోనే వండి రాత్రంతా అందులోనే ఉంచితే ఎక్కువ దిగుతుంది. అన్నం వార్చుకుంటే, పాలు కాచుకుంటే దిగేది స్వల్పం. నీళ్లు కాగి కాగి గిన్నె లోపల నల్లబడుతుంది చూడండి, అది విషమని మనవాళ్లు చింతపండు పెట్టి వెండిలా తోముతారు. నిజానికి ఆ పొరే లోహాన్ని కాపాడుతుంది.

మతిమరుపు భయం మనలో చాలామందికి ఉన్నదే. 1965లో కుందేళ్ల మెదడులోకి అల్యూమినియం లవణాన్ని ఎక్కించినప్పుడు అల్జీమర్స్ వ్యాధిలోలాంటి మార్పులు కనిపించాయన్నారు. గొడవంతా అక్కణ్ణుంచి మొదలైంది. తరువాతి పరిశోధనల్లో ఆ మార్పులూ ఈ జబ్బువీ ఒకటి కావని తేలింది. తిండిలోని అల్యూమినియం వల్ల ఆ జబ్బు వస్తుందని నేటికీ రుజువు కాలేదు.

అయితే నిజంగా దెబ్బ తిన్నవారున్నారు. 1970 దశకంలో డయాలిసిస్ చేయించుకునే రోగులు కొందరు మాట తడబడి, మూర్ఛలు వచ్చి, మతి చెడి చనిపోయారు. అమెరికాలో డాక్టర్ ఆల్ఫ్రే బృందం 1976లో వారి మెదడులో అల్యూమినియం పేరుకుందని చూపింది. డయాలిసిస్‌కు వాడే నీటినుండి అది నేరుగా రక్తంలోకి పోయింది. కాపలా కాసే పేగులు దారిలో లేవు, బయటికి నెట్టే మూత్రపిండాలు పనిచేయవు. తరువాత ఆ నీటిని బాగా శుద్ధి చేయడం నేర్చారు.

ఇక మా ఇంటి సంగతి. గిన్నెలు అమ్మిన రెండు నెలలకు మా ఆవిడ రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.1 వచ్చింది. ఇరవై ఏళ్ల షుగరు. మూత్రపిండాల డాక్టరు గారు ఏ మందులు వాడుతున్నారని అడిగితే షుగరువి, బీపీవి అన్నీ వరుసగా చెప్పాను, జాబితా రాసుకుని వెళ్లాను కూడా. లేచి వస్తుండగా ఆవిడ, "ఏమండీ, ఆ గ్యాసు మందు చెప్పలేదు" అంది. చీటీ లేకుండా మందుల షాపులో నేను కొనుక్కొచ్చే తెల్లమందు. అది మందని నా లెక్కలోకే రాలేదు. మూడేళ్లుగా రోజుకు మూడు చెంచాలు. పైగా నోరు బాగుంటుందని వెంటనే నిమ్మకాయ నీళ్లు నేనే కలిపి ఇచ్చేవాణ్ణి.

డాక్టరు గారు "సీసా మీద రాసింది ఎప్పుడైనా చదివారా సార్?" అని మాత్రం అడిగారు.

ఇంటికి వచ్చి భూతద్దం పెట్టి చదివాను. అల్యూమినియం హైడ్రాక్సైడ్. చెంచాకు అరవై, డెబ్బై మిల్లీగ్రాముల అల్యూమినియం. ఇందాకటి 120 అంకె తీయండి. ఆ హద్దు తిండికేగాని మందులకు కాదు, ఒప్పుకుంటాను. కాని గిన్నె వారమంతా ఇవ్వలేనిది ఈ సీసా ఒక్కరోజులో ఇచ్చింది. ఆరోగ్యవంతుడు ఎప్పుడో రెండు చెంచాలు తాగితే మూత్రపిండాలు చూసుకుంటాయి. అవి నీరసించినవారిలో ఎముకల్లో, మెదడులో పేరుకుంటుంది. నిమ్మరసంలోని సిట్రేటు పేగులనుంచి దాన్ని మరింతగా లోపలికి లాగుతుందట. గిన్నెను గెంటేసి, విషయం తెలియక నేను రెండు చేతులా పోసింది ఇదీ.

మూత్రపిండాలు చెడింది షుగరు వల్లనే, ఈ మందు వల్ల కాదని డాక్టరు గారు స్పష్టంగా చెప్పారు. ఆ మందు మాన్పించి వేరేది రాశారు. నిన్నటి పరీక్షలో క్రియాటినిన్ 2.3.

మనలో షుగరు, బీపీ లేనివారెవరో చేతులెత్తండి అంటే ఎన్ని లేస్తాయో నాకు తెలుసు. వచ్చే నెల పింఛను పడగానే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, ఇంట్లో చీటీ లేకుండా కొన్న సీసాలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించండి. చదవడానికి కళ్లు ఆనకపోతే మన సంఘం ఆఫీసులో ప్రతి బుధవారం పదింటినుంచి నేను భూతద్దంతో కూర్చుంటాను.

ఇడ్లీ పాత్ర మాత్రం మళ్లీ కొన్నాం, స్టీలుది. ధర అడగవద్దు.