కొత్త నేర చట్టాలు: రైతు తెలుసుకోవాల్సినవి
(సంఘం శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టం స్థానంలో మూడు కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. వాటిలో మనకు అవసరమైనవి చూద్దాం.

బోరు మోటారు పోయినా, వ్యాపారి ధాన్యం తీసుకెళ్లి డబ్బు ఎగ్గొట్టినా పోలీసు స్టేషన్‌కు వెళ్తాం. "ఇది మా పరిధి కాదు" అని ఇక తిప్పి పంపకూడదు. నేరం ఎక్కడ జరిగినా, ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం, అడిగి తీసుకోండి. కేసు కట్టకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో ఫిర్యాదుదారుకు చెప్పాలి. ప్రభుత్వం కేసు ఉపసంహరించుకోవాలన్నా, బాధితుడి మాట వినకుండా కోర్టు ఒప్పుకోకూడదు.

రెండో వైపు కూడా చూడాలి. ధర్నాలప్పుడు పెట్టే 144 సెక్షన్ ఇప్పుడు 163 అయింది. నిషేధాజ్ఞ ఉల్లంఘనకు గరిష్ఠ శిక్ష పాత చట్టంలో నెల రోజులు, ఇప్పుడు ఆరు నెలలు. ప్రాణాపాయం, అల్లర్లకు దారితీస్తే ఏడాది. 15 రోజుల పోలీసు కస్టడీని ఇప్పుడు కేసును బట్టి మొదటి 40 లేదా 60 రోజుల్లో విడతలుగా అడగవచ్చు. ఉద్యమాల్లో పాల్గొనే మనకు ఇది చిన్న విషయం కాదు.

గడువులు కాగితం మీద రాస్తే సరిపోదు. జడ్జీలు, ప్రాసిక్యూటర్లు, ఫోరెన్సిక్ ల్యాబులు చాలినంత ఉండాలి. వాటి కోసం అడుగుదాం. ఈలోగా ప్రతి గ్రామ కమిటీ ఫిర్యాదు తేదీ, ఎఫ్‌ఐఆర్ నంబరు ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. తొంభయ్యో రోజున ఆ పుస్తకం పట్టుకుని స్టేషన్‌కు ఒక్కరుగా కాదు, సంఘంగా వెళ్దాం.