తూము నుంచి బోరు దాకా



కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించి ఈ శాసనం వేయించాడు. రెండేళ్ళపాటు రోజూ వెయ్యిమంది కూలీలు పనిచేశారని, రాయి తోలడానికి వంద బళ్ళు తిరిగాయని అందులో రాసి ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన లక్షణాలు పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని కూడా చెక్కించారు. కట్ట ఊటెక్కడం, చవిటినేల, ఇవి దోషాలని ఎవరైనా చెబుతారు. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం కూడా దోషమేనట! నీటి తగాదాలు చూసి చూసి రాసిన మాట కాబోలు. మరొక దోషం, నీళ్ళు కొంచెమై పారించాల్సిన నేల ఎక్కువ కావడం. ఇవాళ రాయలసీమను పీడిస్తున్నది సరిగ్గా ఇదే.

చెరువు కట్టించింది రాజులైనా నిలబెట్టింది ఊళ్ళే. కట్ట బాగోగులు చూసేవాళ్ళకు దశబంధ మాన్యాలనే ఇనాం భూములుండేవి. తూము తీయడం, మూయడం నీరుగంటి పని. ఏ మడికి ముందు, ఏ మడికి తర్వాత, ఎంతసేపు అన్నది అతనే చూసేవాడు. ఎంత పెద్ద రైతైనా తూము మీద చెయ్యి వేయడానికి వీలుండేది కాదు. నీరుగంటికి నెలజీతం ఉండేది కాదు. కోతలయ్యాక కళ్ళంలో రైతులు కొలిచి ఇచ్చే మేరే అతని బతుకు. చివరి మడి ఎండితే ఆ మేరకు అతని గింజలూ తగ్గినట్టే. అందరూ సమానంగా బతికిన కాలమని మాత్రం అనుకోకండి. చాలా ఊళ్ళలో నీరుగంటి దళితుడు. తూము అతని చేతిలో ఉండేది, ఆయకట్టు వేరేవాళ్ళ పేర ఉండేది.

1800లో నిజాం దత్తమండలాలుగా పేరుపడ్డ ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ఇక్కడ కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, కొత్తగా చెరువు కట్టడానికి అనువైన చోటు దాదాపు మిగల్లేదని, జనం ముందే అన్నీ వాడేసుకున్నారని పైవాళ్ళకు రాశాడు. కానీ కంపెనీ హయాంలోనూ ఆ తర్వాతా చెరువు నెమ్మదిగా సర్కారుదైంది. పూడిక తీయాలన్నా అర్జీ పెట్టుకోవాల్సిన రోజులొచ్చాయి.

ఆ తర్వాత బోర్లు వచ్చాయి. చెరువులో నీళ్ళెన్ని ఉన్నాయో ఊరంతటికీ కనిపించేది. బోరు నీళ్ళు ఎవరికీ కనపడవు. పక్కవాడు మూడొందల అడుగులు వేస్తే మనం నాలుగొందలు వేయడం, అప్పు మీద అప్పు చేయడం. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో ఈ పందెం ఎవరు గెలుస్తారు?

2003లో మొదలైన ఒక ప్రయత్నం ఇక్కడే గుర్తుచేసుకోదగ్గది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ వంటి ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాల లెక్క చేపట్టారు. ఆడా మగా కలిసి వానమాపకం చూశారు. పదిహేను రోజులకోసారి బోరులోకి టేపు దించి మట్టం కొలిచారు. మోటారు పైపు కింద డ్రమ్ము పెట్టి, అది ఎంతసేపట్లో నిండుతుందో గడియారం పెట్టి చూశారు. ఆ అంకెలు ఊళ్ళో బోర్డు మీదికెక్కాయి. రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీళ్ళెన్ని, వేయదలచిన పంటలకు కావలసినవెన్ని అని బేరీజు వేసుకున్నారు. వరి వేయొద్దని ఎవరూ శాసించలేదు, జరిమానాలూ లేవు. లెక్క చూసి చాలామంది తమంతట తామే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళారు. చట్టం చేయలేని పనిని ఆ బోర్డు చేసిందని నా అభిప్రాయం. నీరు, నేల, చెట్ల రక్షణకని 2002లో వచ్చిన వాల్టా చట్టం పుస్తకాల్లో గట్టిదే, ఊళ్ళలో దాని జాడ తక్కువ.

ఇప్పుడు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ నడుస్తోంది, పట్టణాలు పెరుగుతున్నాయి, నీళ్ళు అడిగేవాళ్ళు రైతులొక్కరే కాదు. లెక్క అందరిదీ కావాలి. రైతు సోదరులారా, అక్కచెల్లెళ్ళారా! ఈ రబీకి విత్తనం కొనేముందు మీ ఊళ్ళో నాలుగైదు బోర్ల మట్టం కొలిపించండి. ఆ అంకెలు రచ్చబండ దగ్గర గోడమీద అందరికీ కనబడేలా రాయించండి.